తాత ఆపమనే పేజీ

నిన్న పుస్తకాల అర దులుపుతుంటే, అట్టలు ఊడిన ఆ పాత పుస్తకం చేతిలోంచి జారి, ఎప్పటిలాగే అదే పేజీ దగ్గర తెరుచుకుంది. ఫిలిప్పీన్స్‌లో ఒక జనరల్ జీవితకథ అది. అమెరికా సైన్యంతో కొండల్లో పోరాడి, చివరికి లొంగిపోయి, వాళ్ల ప్రభుత్వంలోనే పెద్ద అధికారి అయ్యాడట. ఆయన కుర్చీలో కూర్చునే పేజీ రాగానే బూర్గంపాడులో మా తాత "చాలు బిడ్డా, ఆపు" అనేవాడు. చూపు తగ్గిన తాతకు చదివి పెట్టడం సెలవుల్లో నా పని. నలుగురిలో నోరు పెగలని నాకు అంతకంటే హాయైన పని ఉండేది కాదు.

తాత కూడా వయసులో దళంతో అడవిలో తిరిగి, లొంగిపోయి, అటవీశాఖలో అధికారి అయ్యాడు. రిటైరయ్యాక కూడా గోడకు వీపు ఆనించి, చెప్పులు విప్పకుండానే అన్నం తినేవాడు. అమ్మమ్మ తిట్టీ తిట్టీ విసిగి, చివరికి ఆ చెప్పులనే రోజూ కడిగి పెట్టేది.

ఒక ఎండాకాలం, తాత అన్నం తింటుండగా, తునికిపండ్ల గంపతో ఒక ముసలమ్మ వచ్చింది. అడవిలో తాతను దాచి అన్నం పెట్టిన మనిషి. చెప్పులు చూసి నవ్వింది.

"ఇంకా పోలీసులొస్తరనేనా అన్నా?"

ఆ తర్వాత నవ్వలేదు. "నా జొన్న గటక తిన్నవు. ఆఫీసరైనంక నా పోడు పీకించి, ఆడ చేనే లేదని రాసినవు. నేను మల్ల దున్నుకున్న. ఇప్పుడు ఆఫీసోల్లు నీ కాయితం జూపి, మీరు అడివి కొత్తగ నరికిన్రు, పట్టా రాదంటున్నరు. చేను అప్పుడే ఉండెనని ఒక్క మాట రాసియ్యి."

రాస్తే తన రిపోర్టు అబద్ధమని తనే ఒప్పుకున్నట్టు. రాయకపోతే ఆమెకు భూమి లేదు. తాత చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. నావైపు తిరిగి, "గా జనరల్ తర్వాత ఏం జేసిండు? చదువు" అన్నాడు.

మొదటిసారి ఆ పేజీ తిప్పాను. కుర్చీలూ, సన్మానాలూ, విందులూ. కొండల్లో ఆయనకు తిండి పెట్టినవాళ్ల ఊసు మాత్రం ఎక్కడా లేదు. ఆ మాటే మెల్లగా చెప్పాను.

"మాసొంటోల్లు పుస్తకాలల్ల ఉంటరా బిడ్డా" అంది ముసలమ్మ.

తాత లేచి చెయ్యి కడుక్కున్నాడు. "కాయితం తే. నేను చెప్త, నువ్వు రాయి."

నా డైరీలోంచి ఒక కాగితం చింపాను. "చేను ఉండె. జొన్న మోకాలెత్తు ఉండె. నేనే పీకించిన." కింద తాత సంతకం, పాత హోదాతో సహా.

మర్నాడు కూడా చెప్పులతోనే తిన్నాడు. ఆమెకు పట్టా వచ్చేనాటికి తాత లేడు. జొన్న మోకాలెత్తు పెరగడానికి నెల చాలు. అది ఉండేదని చెప్పడానికి తాతకు పాతికేళ్లు పట్టింది.