మోటు మాట, మటన్ కూర

హైదరాబాదు ప్రచురణకర్త ఒకాయన నాకొక పని అప్పగించాడు. ఒక పాత ఇంగ్లిషు ప్రేమ నవలను మన నల్లగొండలో జరిగినట్టు తిరగరాయాలట. కథ తెలిసిందే: డబ్బున్న పొగరుబోతు దొర, నాట్యాల విందులో ఒక అమ్మాయిని చిన్నచూపు చూస్తాడు, తర్వాత ఆమె మీదే మనసు పడతాడు, చివరికి ఆమె మెత్తబడుతుంది.

మొదటి చిక్కు దొరతోనే వచ్చింది. మా జిల్లాలో దొర అన్న మాటకు ప్రేమ పుట్టదు, తిరుగుబాటు పాట పుడుతుంది. అందుకని అతణ్ణి సాఫ్ట్‌వేరు ఉద్యోగిని చేశాను. పొగరు విషయంలో మార్చాల్సింది పెద్దగా ఏమీ లేకపోయింది.

రెండో చిక్కు నాట్యం. మా దగ్గర ఆడా మగా కలిసి ఎగిరేది పెళ్లి ఊరేగింపులో డీజే బండి ముందరే. ఆ దుమ్ములో చిన్నచూపు కాదు, అసలు చూపే ఆనదు. సరే, పెళ్లిచూపులు పెట్టాను. పిల్లవాడు గర్వంతో అన్నం ముట్టకుండా లేచి వెళ్లిపోతాడు. చిట్యాలలో ఉండే మా అక్కకు ఆ పేజీలు చదివి వినిపించాను.

"ఖాయం కాకముందే ఎవడన్న తింటడానే? తింటే ఒప్పుకున్నట్టే గద! నువ్వు రాసినోడు బుద్ధిమంతుడే" అంది అక్క.

నేను చెమటోడ్చి పుట్టించిన పొగరు ఒక్క మాటతో మర్యాద అయిపోయింది.

కొన్నాళ్లకే అక్క కూతురికి సంబంధం వచ్చింది. పిల్లవాడు హైదరాబాదులో పెరిగినవాడు. ఇంటిల్లిపాదీ వచ్చారు, మాట్లాడారు, మటన్ కూర అడిగి మరీ వేయించుకుని తిన్నారు. ఇంకేముంది, ఖాయమైందని అక్క ఆ సాయంత్రమే వాడకట్టంతా చెప్పేసింది.

ఆ తర్వాత అమ్మాయి ఫోనుకు పిల్లవాడి సందేశం వచ్చింది: "నువ్వు నచ్చావు. మీ వాళ్ల మాటే మరీ మోటు. ఫర్వాలేదు, అడ్జస్ట్ అవుతాను." ఇంగ్లిషు దొర కూడా ఇలాగే అవమానిస్తూ పెళ్లాడమన్నాడు కానీ, పాపం, నలిగి నలిగి అన్నాడు. ఈయన చివర ఒక నవ్వు బొమ్మ అతికించాడు.

అమ్మాయి వద్దంది. "వాడకట్టుల ఏం మొఖం వెట్టుకొని తిరుగాలె? జర ఊకో బిడ్డా" అని అక్క బతిమాలింది.

ఆదివారం నేను అక్క ఇంట్లో ఉండగా ఆయనగారే దయచేశారు. మనిషికంటే ముందు ఔదార్యం గడప దాటింది.

"ఇంకా అలకేనా? అడ్జస్ట్ అవుతానన్నాను కదా" అన్నాడు.

అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. "ఎండల వడి వచ్చిండ్రు, తాగుండ్రి. సంబంధం కానోళ్లకు మా మోటోళ్లు గిదే ఇస్తరు."

అతను అక్క వైపు తిరిగాడు. "ఏంటండీ ఇది? మొన్న భోంచేశాం కదా! అంటే ఖాయమైనట్టే కదా?"

అంటే ఆ ఆచారం అతనికీ తెలుసన్నమాట. తెలిసే తిన్నాడు, తిన్నాకే వెక్కిరించాడు.

అతని కోసం తెస్తున్న సర్వపిండి పళ్లెంతో అక్క వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. కాసేపు బిడ్డనే చూసింది.

"తిన్నరు, కాదంటలేను బాబూ. కూర అరిగింది గని మా మాటనే మీకు అరుగుతలేదు" అని, పళ్లెంతో సహా లోపలికి వెళ్లిపోయింది.

అమ్మాయి మెత్తబడే ముగింపు కోసం ప్రచురణకర్త ఇప్పటికీ ఫోను చేస్తుంటాడు. నేను ఎత్తడం లేదు. ఆ రోజు సర్వపిండి మేమే తిన్నాం. పొద్దు గూకే వేళ అక్క కొంగు దోపుకుని తానే వాడకట్టులోకి పోయి, ఇంటింటికీ చెప్పి వచ్చింది: "మేమే వద్దన్నం."