రైలు కిటికీలో చేతులు మారిన డిస్కు

ఆటల డిస్కులు అంగళ్లలో అమ్మిన రోజుల్లో, మా బావా నేనూ ఒక్క డిస్కునే చెరిసగం వేసుకుని కొనేవాళ్లం. బావంటే మా అక్క మొగుడు. ఇల్లు తిరుత్తణి, ఉద్యోగం చెన్నై. నాది తిరువళ్లూరు బజారులో బట్టల కొట్టు. దానికి నాలుగు అంగళ్ల అవతలే సీడీల షాపు. కొత్త ఫుట్‌బాల్ గేమ్ వచ్చిందంటే ఆ షాపాయన నా కొట్టు మెట్ల దాకా వచ్చి చెప్పి పోయేవాడు. నేను బేరాలు వదిలేసి పరుగెత్తేవాణ్ణి.

డిస్కు ఒక వారం నాది, ఒక వారం బావది. సోమవారం పొద్దున ఆయన ఉద్యోగానికి మా తిరువళ్లూరు మీదుగా పోయే చెన్నై రైల్లో మూడో బోగీలో, ప్లాట్‌ఫారం వైపు కిటికీ పక్కన కూర్చుని వచ్చేవాడు. రైలు ఆగే ఆ కాసేపట్లోనే డిస్కు చేతులు మారేది. ఆయనకు జలుబు చేసిందో, అక్కతో గొడవైందో మొహం చూస్తే తెలిసిపోయేది. ఒకసారి నున్నటి గుండుతో, దాని మీద గంధంతో కనిపించాడు. మొక్కు సంగతి ముందే ఎందుకు చెప్పలేదని నేను దెబ్బలాడుతుండగానే రైలు కదిలిపోయింది. ఆ సోమవారాలంటే నాకు ఎంత ఇష్టమో అప్పట్లో తెలియలేదు.

తర్వాత బావ ఆటలాడే కొత్త మెషిన్ కొన్నాడు. "ఇంక డిస్కు వద్దురా. డౌన్‌లోడ్ చేస్తే ఇంట్లోకే వచ్చేస్తాది. నువ్వూ చేసుకో" అన్నాడు. చేసుకున్నాను, గొణుక్కుంటూనే. చేత్తో పట్టుకోలేని సరుకును కొనడం ఏమిటని, బట్టలమ్మేవాడికి ఒళ్లు మండదా? సీడీల షాపులో ఇప్పుడు ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరింట్లో వాళ్లం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మాట్లాడుకుంటూ నెట్‌లో ఒకరితో ఒకరం ఆడేవాళ్లం. వారం వారం మాట్లాడుకుంటున్నాం కదా అని తిరుత్తణి వెళ్లడం కూడా మానేశాను.

ఈ ఏడు కొత్త గేమ్ రాగానే నాకు పంతం వచ్చింది. సరుకు కోసం చెన్నై వెళ్లినప్పుడు డిస్కే కొని, ఆదివారం తిరుత్తణి రైలెక్కాను. గుమ్మంలోనే బావ చేతిలో పెట్టాను. ఆయన పగలబడి నవ్వాడు. "దీంట్లో డిస్కు పెట్టేదానికి సందే లేదురా" అంటూ మెషిన్ ఎత్తి నాలుగు వైపులా తిప్పి చూపించాడు.

తిప్పుతుంటే ఆయన చేతి గడియారం మోచేతి దాకా జారింది. అప్పుడు మొహం సరిగ్గా చూశాను. బుగ్గలు లోపలికి పోయాయి.

"ఏంది బావా, ఇట్లయిపోయినావు?"

"షుగరు. ఆర్నెల్లాయె. మీ అక్కను నేనే చెప్పొద్దన్నా."

"వారం వారం మాట్లాడతానే ఉండావు గదా. నాతో ఒక్క మాట అనకూడదా?"

"యాడ చెప్పేది? నువ్వు గోలు వేసే తొందరలో ఉంటావు. రైలు కాడైతే నేను చెప్పే పనే లేదు. నువ్వే చూసి అడిగేవోడివి."

ఆ ఆర్నెల్లలో నేను గెలిచిన ఆటలన్నీ గుర్తొచ్చాయి. ఎట్లుండావు బావా అని అడిగిన ఆదివారం మాత్రం ఒక్కటీ గుర్తురాలేదు.