బోర్డు మీద పూర్తయిన సండాస్

ప్రజల కోసం ఇచ్చిన డబ్బు ఎక్కడ ఖర్చయిందో ప్రజలకు చెప్పాలని ప్రభుత్వానికి ఒక నియమం ఉందట. ఆ నియమం ప్రకారం ఒక సోమవారం పొద్దున కామాటిపురాలో మా గల్లీ మొదట్లో, టీ బండి పక్కన, ఆకుపచ్చ బోర్డు ఒకటి వెలిసింది. నాగ్‌పాడాలో పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే నా ఉద్యోగానికి పరుగెడుతూ, దాని మీద మేముండే వరస గదుల పాత భవనం, మా చాల్ పేరు కనబడి ఆగాను. మరాఠీలో ఉంది. రెండో అంతస్తులో ఉమ్మడి సండాస్‌ల మరమ్మతు, గోడలకు టైల్స్, వృద్ధుల కోసం ఒక కమోడ్, పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ. కింద మంజూరైన నిధి, కాంట్రాక్టరు పేరు. అన్నిటికన్నా కింద, పని పూర్తయినది అని.

రెండో అంతస్తులో ఉండేది మేమే. మరుగుదొడ్డిని మా చాల్‌లో సండాస్ అనే అంటాం. ఆ మాటకే ముక్కు మూసుకునేవాళ్ళు ఇక్కడే పేజీ తిప్పేయవచ్చు. అంతస్తు మొత్తానికి నాలుగు సండాస్‌లు. చివరిదాని తలుపు కింది సగం ఎప్పుడో చివికిపోయింది. లోపల ఎవరున్నారో పాదాలు చూసి చెప్పగలం కాబట్టి తలుపు తట్టి అడిగే బాధ లేదు. టైల్స్ లేవు, కమోడ్ లేదు. కడ్డీ బదులు నీళ్ళ పైపుకు నాయన కట్టిన నైలాను తాడు ఉంది. మోకాళ్ళు అరిగిన అమ్మ ఆ తాడు పట్టుకుని లేస్తుంది. ఆ ఏడాది రెండుసార్లు తాడు జారి పడింది. రెండోసారి మోచెయ్యి వాచింది. అప్పట్నుంచి మధ్యాహ్నం దాటితే నీళ్ళు తాగడం మానేసింది, మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని. బోర్డు చదవగానే నాకు గుర్తొచ్చింది, ఆమె మంచం పక్కన మూతపెట్టి అలాగే ఉండిపోయే నీళ్ళ గ్లాసు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళు అంటారు. ఉంటుంది. అది లేకపోతే ఈ ఊళ్ళో బస్సు కూడా ఎక్కలేం.

సాయంత్రం నాయనను బోర్డు దగ్గరికి తీసుకెళ్ళాను. నాయన మేస్త్రీ. ఆయన తాత పాలమూరు నుంచి ఇక్కడికి రాళ్ళు మోయడానికి వచ్చాడు. ఈ నగరంలో సగం మేమే కట్టామని మా చాల్‌లో ప్రతి ముసలాయనా చెబుతాడు. మిగతా సగం ఎవరు కట్టారో ఎవరూ చెప్పరు. ఎక్కడ గోడ కనబడినా వేలి కణుపుతో తట్టి, తల పక్కకు వంచి వినడం మా వాళ్ళ అలవాటు. పెళ్ళిచూపులకు వెళ్ళినా ముందు గోడ తట్టి, ఆ తర్వాతే పిల్లను చూస్తారు. నేను బోర్డంతా చదివి తెలుగులో చెబుతుంటే నాయన దాని కాళ్ళు పాతిన చోట వంగి తట్టాడు.

"సిమెంట్ తక్కువేసిండ్రు. వానలకు పడిపోతది," అన్నాడు.

"రాసిందేందో విన్నవా నాయనా?"

"విన్న. మన సండాస్ అయిపోయిందట. మంచిదే గదా."

ఆయనకు వెటకారం ఎక్కువ, కదలిక తక్కువ. ఈ చాల్‌ను రేపో మాపో కూలగొట్టి టవర్ కడతారని ఇరవై ఏళ్ళుగా వింటున్నాం. పడిపోయే గోడకు సిమెంట్ ఎవడు పూస్తాడన్నది నాయన మాట. చాల్‌లో మేస్త్రీలందరిదీ అదే మాట. పొద్దున్నే వెళ్ళి ఎవరెవరి గోడలకో అద్దంలా నునుపు తెచ్చి, సాయంత్రం వచ్చి సగం తలుపు వెనక కూర్చుంటారు. అమ్మకు తాడు కట్టివ్వడమే ఆయన చేసిన పెద్ద ఉపకారం. ఆ విషయంలో నాయన మీద నాకున్న కోపం కాంట్రాక్టరు మీదున్న దానికంటే తక్కువేమీ కాదు.

ఫోన్లోనే ఫిర్యాదు పెట్టాను. ఫోటోలు కావాలన్నారు. తలుపు ఎంత చివికిందో తెలియాలంటే పక్కన మనిషి నిలబడాలని ఎదురు గది వదినను పిలిచాను. ఉండమని లోపలికి వెళ్ళి, పట్టుచీర కట్టి, తలలో పూలు పెట్టుకుని వచ్చింది.

"గవర్నమెంట్ ఫోటో గదా వదినా," అంది.

నవ్వొద్దన్నాను. నవ్వొద్దంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. అలా పెళ్ళిపందిట్లో నిలబడ్డట్టు నిలబడిన వదిన, ఆమె పక్కన సగం తలుపు, రెండూ కలిసి ప్రభుత్వానికి వెళ్ళాయి.

వారం తర్వాత జవాబు వచ్చింది. గురువారం పదకొండింటికి అధికారి వచ్చి పని చూస్తాడని. నేను చేసిన తప్పల్లా ఆ సంగతి ఆదివారమే ఇంట్లో చెప్పడం.

సోమవారం పని నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే తడి సిమెంట్ వాసన కొట్టింది. పైన నాయన లుంగీ ఎగ్గట్టి, చేతిలో తాపీ, మా చివరి సండాస్ గోడ ముందు కూర్చుని ఉన్నాడు. పాత గచ్చంతా రాల్చేశాడు. ఇంకో ఇద్దరు ముసలి మేస్త్రీలు ఇసుకా సిమెంటూ మాలు కలుపుతున్నారు.

"ఏం చేస్తున్నవ్ నాయనా?"

"సాహెబ్ వస్తడు గదా బిడ్డా. గింత ఖరాబ్ గోడ చూపిస్తమా? మేస్త్రీల చాల్ అంటే ఏమనుకుంటడు?"

"ఆ ఖరాబ్ గోడ చూడనీకే వస్తున్నడు నాయనా."

"చూడనీ. మంచిగ చేసినంక చూడనీ."

నెత్తీనోరూ కొట్టుకున్నాను. ఇల్లు చిమ్మకుండా చుట్టాన్ని ఎవరైనా రానిస్తారా అని ముగ్గురు ముసలాళ్ళూ నన్నే తిట్టారు. మంగళవారం వదిన భర్త తను పనిచేసే బిల్డింగుల్లో మిగిలిన టైల్స్ మూడు రంగులవి తెచ్చాడు. బుధవారం కమోడ్ వచ్చింది. దాదర్‌లో ఎవరో రంగు నచ్చక పీకేసిన లేత గులాబీ రంగు కమోడ్. చేతిబండి మీద అది ఫోరస్ రోడ్ దాటి వస్తుంటే షాపుల వాళ్ళు లేచి చూశారట. తలుపు కింది సగానికి కొత్త రేకు పడింది. ఇక కడ్డీ మిగిలింది. నాయన అమ్మను పిలిచి కమోడ్ మీద కూర్చోబెట్టాడు. చెయ్యి చాపమన్నాడు, లేవమన్నాడు, మళ్ళీ కూర్చోమన్నాడు. అమ్మ విసుక్కునేదాకా పదిసార్లు లేపి, ఆమె చెయ్యి తిన్నగా ఆనేచోట గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఇన్నేళ్ళు అమ్మ పడితే కదలని చెయ్యి, ఎవడో సాహెబ్ వస్తున్నాడంటే కదిలింది. నాకు ఒళ్ళు మండింది. ఏడుపు కూడా వచ్చింది.

గురువారం సెలవు పెట్టాను. అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. బోర్డును ఫోన్లో ఫోటో తీసుకుని పైకి వచ్చాడు. టైల్స్ ఉన్నాయా, ఉన్నాయి. కమోడ్ ఉందా, ఉంది. కడ్డీ పట్టి గట్టిగా లాగాడు, అది కదల్లేదు. బోర్డు మీద రాసినట్టే ఉంది కదమ్మా అని మరాఠీలో అన్నాడు. ఇదంతా మూడు రోజుల కింద లేదని పాత ఫోటోలు చూపించాను. ఆయన పట్టుచీరలో నవ్వుతున్న వదినను చాలాసేపు చూసి, ఇది ప్రారంభోత్సవం ఫోటోనా అని అడిగాడు.

కాంట్రాక్టరు పని బాగా చేశాడని ఆయన అనేసరికి నాయన ముఖం మారింది. ఇప్పుడు చెబుతాడని నాకు ప్రాణం లేచివచ్చింది.

"కాంట్రాక్టర్ కాదు సాబ్," అన్నాడు నాయన హిందీలో. "నేను చేశాను. తట్టి చూడండి."

అధికారి తట్టాడు. నాయన తల వంచి విన్నాడు. ఇద్దరూ సంతోషించారు. నేను చెప్పింది నిజమేనని తేలింది కదా అని నేనూ సంతోషించాను. అధికారి అక్కడే నిలబడి ఫోన్లో నివేదిక రాసుకుని, నాయనకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ నివేదిక అందరూ చూసేలా ప్రభుత్వం వాళ్ళ వెబ్‌సైట్లో పెట్టారు. పని సంతృప్తికరంగా పూర్తయినది, స్థానికులు అందులో స్వచ్ఛందంగా పాల్గొన్నారు, ఫిర్యాదు ముగించడమైనది. అందులో ఒక్క అబద్ధం లేదు. బోర్డు కూడా ఇప్పుడు నిజమే చెబుతోంది. దాన్ని నిజం చేసింది మా నాయన. నేను మళ్ళీ ఫిర్యాదు పెడితే, ముగిసినదాన్ని తెరవడం కుదరదన్నారు.

రెండు రోజులు నాయనతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం అమ్మ వరండాలో నా పక్కన కూర్చుంది. చేతిలో నీళ్ళ గ్లాసు. నా ముందే మొత్తం తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"మెట్లు గూడ అరిగినయి బిడ్డా. దిగుతుంటే కాలు జారుతది. ఇంకో అర్జీ పెట్టు," అంది. "ఎవడన్న వస్తడంటేనే మీ నాయన లేస్తడు."

మెట్లకు నిధి రాలేదు, వచ్చినట్టు ఏ బోర్డూ లేదు, కాబట్టి అర్జీ పెట్టినా చూడడానికి ఎవరూ రారు. లోపలికి వెళ్ళి, గురువారం మెట్లు చూడడానికి సాహెబ్ వస్తున్నాడని నాయనతో చెప్పాను. జీవితంలో నేనాడిన అబద్ధాల్లో అంత పచ్చిది లేదు.

నాయన నా ముఖం వంక చూశాడు. ఆయనకు తెలిసిపోయిందని నాకు అర్థమైంది. మంచం కిందకి వంగి తాపీ బయటికి తీశాడు.

"గురువారం దాంక ఎందుకు," అన్నాడు. "మీ అమ్మను పిలువు. కాలు ఎంత ఎత్తు లేస్తదో చూడాలె."