బావతో పరాచికం

దర్జీతో కలిసి పర్వతం ఎక్కేటప్పుడు మంచు చరియ విరిగిపడి అతని బావ చనిపోయాడు. దర్జీ బతికాడు గానీ, చలికి వేళ్ల కొసలు పోయాయి. అప్పటినుంచి రోజూ పొద్దున్నే అక్క అతని కొట్టుకి వచ్చి మిషను సూదిలో దారం ఎక్కించి వెళుతోంది.

ఈరోజు దారం చేత్తో పట్టుకుని అడిగింది. "మబ్బు పట్టాక కూడా పైకెందుకు వెళ్లార్రా? మీ బావ దిగిపోదాం అనలేదా?"

"అన్నాడక్కా."

"మరి?"

"'ఇంట్లో అక్క తిడుతుందని భయమా బావా?' అన్నాను. నవ్వేసి ఎక్కాడు."

బావమరిదిగా ఎప్పుడూ ఆడే పరాచికమే కదా అని చెప్పబోయాడు.

అక్క దారం కొస తడిపి సూదిలోకి ఎక్కించింది. "రేపట్నుంచి ఇంకెవర్నైనా చూసుకో" అని మెట్లు దిగింది.

గుడ్డ పెట్టకుండానే దర్జీ మిషను తొక్కసాగాడు.