దగ్గు మందుతో పోయిన పతకం

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. వానాకాలం వరికోతలు నడుస్తున్నాయి. మిర్యాలగూడలో మా మెడికల్ షాపుకు ఫార్మసిస్టుగా లైసెన్సు నా పేరు మీద ఉంది. కౌంటరు దగ్గర నేనుంటాను, సరుకు తెచ్చే పని మా ఆయన శ్రీనివాస్‌ది. కోతలు మొదలయ్యాయంటే మిల్లుల దుమ్ముకు ఊరంతా దగ్గుతుంది. డాక్టర్ చీటీ చూసి ఇవ్వాల్సిన సిరప్‌లను కూడా అడిగిన వెంటనే తీసి ఇచ్చేదాన్ని. అందరూ చేసేదే కదా అనుకునేదాన్ని.

అట్లా ఒక పొద్దున శ్రావణి వచ్చింది. డిగ్రీ చదువుతూ ఎనిమిది వందల మీటర్ల పరుగు పందెంలో రాష్ట్రం తరఫున పోటీ చేసే పిల్ల. నేరేడుచర్ల దాటినాక వాళ్ల ఊరు. తండ్రి సైదులు గొర్లు కాస్తాడు. మాట మాటకూ దగ్గు అడ్డం పడుతోంది.

"అక్కా, వారంల నేషనల్ మీట్ ఉన్నది. ఇందుల మత్తు మందు ఏమన్న ఉంటదా?" అని సీసా పట్టుకొని అడిగింది.

షాపులో పదిమంది నిలబడి ఉన్నారు. ఆటల్లో నిషేధించిన మందుల గురించని తట్టక, నిద్రమత్తు గురించి అడిగిందనుకున్నాను. "లేదమ్మా, నిద్ర రాదు. మంచిగ ఉరకొచ్చు" అన్నాను. బిల్లు కూడా రాయలేదు.

ఆ మీట్‌లో ఆమెకు కాంస్య పతకం వచ్చింది. స్పోర్ట్స్ కోటా కింద ఉద్యోగం ఖాయమని పేపర్లో ఫోటో కూడా వేశారు. నెలన్నర తర్వాత తండ్రీ కూతుళ్లు ఒక ఉత్తరం పట్టుకొని షాపుకు వచ్చారు. పోటీ అయ్యాక తీసుకున్న యూరిన్ శాంపిల్‌లో టెర్బుటలిన్ దొరికిందని అందులో ఉంది. ఊపిరి గొట్టాలను వదులు చేసి గాలి బాగా ఆడేలా చేసే మందు అది. చాలా దగ్గు సిరప్‌లలో ఉంటుంది. క్రీడాకారులు మాత్రం వాడకూడదు. జబ్బుకు తప్పదంటే ముందే కాగితాలు పెట్టి అనుమతి తెచ్చుకోవాలి.

"మేడం, నా బిడ్డె సూదులేసుకొని ఉరికిందని ఊరంత అంటున్నరు" అన్నాడు సైదులు. "మా ఇంట్ల సూది అంటె గొర్లకే. నువ్విచ్చిన మందే తాగిన అంటది. ఇచ్చినవా?"

సిరప్ ర్యాకులోనే ఉంది. సీసా తిప్పి చూడకుండానే నాకు తెలిసిపోయింది. అయినా నా నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"రోజుకు ఎంతోమందికి ఇస్తం. నేనే ఇచ్చిన్నని గుర్తు లేదు."

శ్రావణి అరవలేదు. "యాది చేసుకో అక్కా. నిన్ను అడిగినంకనే తాగిన" అని తండ్రి చెయ్యి పట్టుకొని మెట్లు దిగింది.

అన్నం తినేటప్పుడు మా ఆయనకు చెప్పాను. "బిల్లు లేదు. నువ్వే ఇచ్చినవని ఎవరు రుజువు చేస్తరు? ఊకో. చీటీ లేకుండ ఇచ్చినవని తెలిస్తె లైసెన్సు పోతది" అన్నాడు. ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. రెండు రోజులు ఊరుకున్నాను.

మూడో రోజు మిల్లులో పనిచేసే ఒకామె దగ్గు మందు కోసం వచ్చింది. కవరులో పెడుతుంటే, "గా నేరేడుచర్ల దిక్కు పిల్ల సంగతి తెల్సా మేడం? ఏందో మందు కొట్టి ఉరికిందంట. ఆడపిల్లకు గంత ఆశ ఎందుకు?" అన్నది. నా చేతిలో ఉన్నది ఆ సీసానే. ఇవ్వలేకపోయాను. డాక్టర్‌కు చూపించుకొని రమ్మని ఆమెను పంపేసి షట్టర్ దించాను. మా ఆయన నా మొహం చూశాడు. "పోదాం పా, నేను గూడ వస్త" అన్నాడు.

మేము వాళ్ల ఊరికి వెళ్లేసరికి శ్రావణి కాలువ కట్ట మీద ఒక్కతే పరుగెత్తుతోంది. మమ్మల్ని చూసి ఆగింది.

"క్యాంపుకు రావొద్దన్నరు. కట్ట మీద ఉరకొద్దని ఎవ్వరన్లే" అంది.

"శ్రావణీ, ఆ మందు ఇచ్చింది నేనే. నువ్వేమడిగినవో గూడ గుర్తుంది."

"మరి మొన్న మా నాయిన ముంగట ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"నాకు గూడ భయమే అక్కా. నేనేడికి పోవాలె?"

ఎక్కడ చెప్పమంటే అక్కడికి వచ్చి చెప్తానన్నాను.

సూర్యాపేటలో ఒక లాయర్ సాయంతో, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. డోపింగ్ కేసులు చూసే ప్యానెల్ విచారణ వీడియో కాల్‌లో జరిగింది. లాయర్ ఆఫీసులో శ్రావణి పక్కన కూర్చున్నాను. సైదులు గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఆమె క్రీడాకారిణి అని మీకు తెలుసా?" అని ప్యానెల్‌లో ఒకాయన అడిగాడు.

"తెలుసు సార్. తనే చెప్పింది."

"డాక్టర్ చీటీ అడిగారా?"

"అడగలేదు. తప్పు నాది."

ఆయన శ్రావణి వైపు తిరిగి, నిషేధిత మందుల జాబితా ఎందుకు చూసుకోలేదని అడిగాడు. "మందుల సంగతి షాపామెకు నా కంటె ఎక్కువ తెలుస్తదనుకున్న సార్" అంది. నేను తల దించుకున్నాను.

ఆటల చట్టంలో స్ట్రిక్ట్ లయబిలిటీ అని ఒక నియమం ఉంది. ఒంట్లోకి ఏది పోయినా, ఎట్లా పోయినా బాధ్యత క్రీడాకారులదే. అందుకే ఆమె పూర్తిగా బయటపడలేదు. కావాలని చేయలేదని ఒప్పుకొని నిషేధాన్ని ఏడాది లోపుకు తగ్గించారు. పతకం మాత్రం వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం వేరే వాళ్లకు పోయింది. నా ఉత్తరం సంగతి తెలిసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మా లైసెన్సు కొన్నాళ్లు సస్పెండ్ అయింది. మాకు పోయింది కొన్నాళ్ల వ్యాపారమే. ఆ పిల్లకు పోయినదానితో దాన్ని పోల్చలేను.

షాపు మళ్లీ తెరిచినప్పటి నుంచి చీటీ లేనిదే అలాంటి మందులు ఇవ్వడం లేదు. అడిగిన మాట అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను. వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

అయితే ఈ కేసు నేర్పిన అసలు పాఠం నాకు కోదాడలో తెలిసింది. నిషేధం ముగిశాక శ్రావణి మొదటిసారి పోటీకి దిగింది. చూడ్డానికి వెళ్లాను. నాలుగో స్థానంలో వచ్చింది. నా వెనక కూర్చున్నాయన పక్కవాళ్లతో, "డోపింగ్‌ల దొరికిన పిల్ల గదా, ఇప్పుడు మందు లేదు, గందుకే ఎన్కపడ్డది" అని నవ్వాడు.

తీర్పు కాగితం ఇంగ్లీషులో ఎక్కడో ఫైలులో ఉంటుంది. పుకారు మాత్రం ప్రతి మైదానానికీ ఆమెకంటే ముందే చేరుతుంది. ఒక్కసారి నిజం చెప్పి నా పని అయిపోయిందనుకోవడం నా పొరపాటే.

లేచి ఆయన వైపు తిరిగాను. "అన్నా, ఆ పిల్ల తప్పు చెయ్యలే. అడిగి తాగింది. ఆ మందు ఇచ్చింది నేను" అన్నాను.