యాదలక్ష్మి చేతికి సరిపోయిన మిషన్

యాదలక్ష్మికి నడుం ఎప్పుడు పడిపోయిందో అడిగితె తారీఖు చెప్పలేదు గని, ఎందుకు పడిపోయిందో మాత్రం చెప్తది. పదారేండ్లు గడ్డి కోసింది. వంగి కోసింది. ఎల్బీ నగర్ అవతల ఎన్ని కాలనీ పార్కులున్నయో అన్నిట్ల ఆమె కొడవలి తిరిగింది. హయత్‌నగర్‌ల కిరాయి అర్ర, పొద్దుగాల ఆరు గంటల బస్సు, పొద్దుమూకేదాక వంగిన నడుం. దవాఖానల డాక్టర్ ఎక్స్‌రే చూసి, "ఇగ వంగే పని బంద్ చెయ్యమ్మా" అన్నడు. ఎంత అల్కగ అన్నడు! వంగకుంటె బువ్వ ఎట్లొస్తదో మాత్రం చీటీల రాయలేదు.

అసొంటి మనిషికి నిలబడి చేసే పని దొరికింది. కర్మన్‌ఘాట్ దిక్కు ఒక పెద్ద గేటు కాలనీ, లోపట రెండెకరాల లాన్. అసోసియేషనోళ్లు ఎనుక నడుచుకుంట తోలే పెద్ద గడ్డి మిషన్ కొన్నరు. దాన్ని తోలేటాయన మూడు నెలలకే ఊరికి పోయి మళ్ల రాలె. గడ్డి మోకాళ్ల దాక పెరిగింది. ఇన్నేండ్లు యాదలక్ష్మిని పనికి పెట్టుకున్న కాంట్రాక్టర్ జంగయ్యే ఆ లాన్ గూడ చూస్తడు, తల పట్టుకొని కూసున్నడు.

"నేను తోల్త అన్నా" అన్నది యాదలక్ష్మి.

జంగయ్య నవ్విండు. వాచ్‌మన్ గూడ నవ్విండు. పండ్లున్నోళ్లు నవ్వుతరు, నవ్వనీ అనుకున్నది.

మొదటి దినం మిషన్ పోయి క్రోటన్ల వరుసల జొచ్చింది. దానికి కారుకున్నట్టు స్టీరింగ్ ఉండదు, సైకిల్‌కున్నట్టు హ్యాండిల్ తిరగదు. రెండు పిడులుంటయి, ఒక్కో పిడి కింద ఒక్కో లీవర్. పక్కకు ఎంత నూకినా నీ మాట ఇనదు. సర్వీసుకొచ్చిన మెకానిక్ బాపిరాజు మూత తీసి చూపిచ్చిండు. కుడి చక్రానికొక బెల్ట్, ఎడమ చక్రానికొక బెల్ట్. లీవర్లు ముట్టకుంటె రెండు బెల్టులు బిగుసుకొని ఉంటయి, రెండు చక్రాలు సమంగ తిరుగుతయి, మిషన్ సక్కగ పోతది. కుడి లీవర్ జర ఒత్తితె కుడి బెల్ట్ వదులైతది, ఆ చక్రానికి జోరు అందదు. ఇంకింత ఒత్తితె బ్రేక్ పడి అది ఆగే పోతది. ఎడమది ఉరుకుతనే ఉంటది గద, మిషన్ కుడికి మలుగుతది. రెండు ఒత్తితె నిలబడ్తది.

"అంటె, ఏ దిక్కు మలుపాల్నో ఆ దిక్కు ఆపాలె" అన్నది యాదలక్ష్మి.

"అంతేనమ్మా. చాలామందికి అదే బుర్రకెక్కదు" అన్నడు బాపిరాజు.

ఎందుకెక్కదు? వాళ్ల నాయిన ఎడ్లబండి మలుపంగ చూసిన మనిషి ఆమె. లోపటెద్దు పగ్గం గుంజి పడ్తడు, బయటెద్దును అదిలిస్తడు, బండి తిరుగుతది. గింతదానికి ఇంజనీరింగ్ చదవాల్నా!

ఒక్కటే తక్లీఫ్. ఆ లీవర్లు మొగోళ్ల చేతులకు చేసిన్రు. ఆమె ఏళ్లు అందలేదు. అందినకాడికి ఒత్తితె బెల్ట్ సగమే వదులైతది, మిషన్ ఉరుకుతనే ఉంటది. లీవర్ కాడికెంచి కిందికి ఒక కడ్డీ పోతది, దానికి నట్టు ఉంటది. నట్టు తిప్పితె కడ్డీ పొడుగు మారుతది, లీవర్ పిడికి దగ్గరికొస్తది. అయితె రెండు దిక్కుల లెక్క ఒక్కతీరుగ ఉండాలె. ఒకటి ఎక్కువ తక్కువైనా మిషన్ పక్కకు గుంజుతది. నాలుగు దినాలు పాన పట్టుకొని ఆ నట్లతోని కొట్లాడింది. అయిదో దినం రెండు వేళ్లతోని ఒత్తితె చాలు, మిషన్ కుడికంటె కుడికి, ఎడమంటె ఎడమకు.

అప్పటికెంచి ఏడాదిన్నర ఆమె బతుకుల మంచిగున్న దినాలు. నడుం నిటారుగ పెట్టి నడిచింది. మంచు ఆరేదాక ఆగేది, తడి బెల్ట్ జారుతదని తెలుసు. మూడో అంతస్తు బాల్కనీల నిలబడి శేషారత్నమ్మ, "గీత గీసినట్టు కోశావమ్మాయ్" అంటె, ఆ మాట మీదనే ఆ దినమంత గడిచేది. రాత్రి చాప మీద ఎల్లెల్కల పండుకునేటందుకు నొప్పి అడ్డం రాకుంటయింది.

కొత్త కాంట్రాక్టుకు అసోసియేషనోళ్లు ఒక షరతు పెట్టిన్రు. మిషన్ తోలేటోళ్ల పేరు ఆపరేటర్ అని కార్డు మీద రాయాలె, ఆ కార్డున్నోళ్లే మిషన్ ముట్టాలె.

"నీ పేరే రాయిస్త చెల్లె, ఇంకెవరున్నరు?" అన్నడు జంగయ్య. ఆ పిచ్చిది నమ్మింది. నమ్మక ఏంచేస్తది, ఇన్నేండ్లు వాని కిందనే చేసింది.

పది దినాలకు జంగయ్య తన బామ్మర్ది మహిపాల్‌ను ఎంటేసుకొచ్చిండు. దిల్‌సుఖ్‌నగర్‌ల ఆటో తోలెటోడు, అది అమ్ముకొని ఖాళీగున్నడు. "నువ్వు రాని దినం బదిలీకి పనికొస్తడు, జర నేర్పు" అన్నడు. బదిలీకే గదా అని యాదలక్ష్మి మనసువెట్టి నేర్పింది. ఆటో చెయ్యి ఊకుంటదా, పిడి మెలిపెట్టవోయిండు. "గట్ల గాదు మహిపాల్, ఏ దిక్కు పోవాల్నో ఆ దిక్కు ఆపు" అని నూరుసార్లు చెప్పింది. వాడు చెడ్డోడేం గాదు. అక్కా అక్కా అనుకుంట నేర్చుకున్నడు.

శనివారం కార్డులొచ్చినయి. మహిపాల్ కార్డు మీద ఆపరేటర్. యాదలక్ష్మి కార్డు మీద హెల్పర్.

"అన్నా, గిదేంది?"

"ఏం చెయ్యమంటవ్ చెల్లె! ఇంట్ల నా పెండ్లాం పానం తీస్తున్నది, తమ్ముడు ఖాళీగున్నడని. మొగోడైతె మంచిదని అసోసియేషనోళ్లు గూడ అన్నరు. నీ పనికేమైంది? కొడవలి యాడికి పోయింది?"

థూ, నీ అన్నతనం పాడుగాను! ఏరు దాటినంక తెప్ప తగలెట్టుడంటె ఇదే. నడుం సంగతి వానికి తెల్వదా? దవాఖాన చీటీ వానికే గద చూపిచ్చింది.

ఆదివారం పొద్దుగాల అసోసియేషనోళ్ల ముందల మిషన్ నడిపి చూపియ్యాలె. సెక్రటరీ గంగాధరరావు, బ్యాంకుల మేనేజర్ చేసి రిటైరైనాయన, కుర్చీలేయిచ్చిండు. పిల్లగాండ్లు లాన్ అంచుకు గుంపయిన్రు. మహిపాల్ మిషన్ పట్టుకొని చెమటలు కారుస్తున్నడు. వాని పెద్ద చేతికి ఆ లీవర్లు మరీ దగ్గరున్నయి, ఏలు తగుల్తె చాలు మిషన్ గిర్రున తిరుగుతున్నది.

"అక్కా, నా చేతికి జర సెట్ చెయ్యవా" అన్నడు మెల్లగ.

యాదలక్ష్మి పాన తీసుకొని మిషన్ పక్కకు కూసున్నది. కుడి నట్టు తిప్పింది. ఎడమ నట్టు కాడ చెయ్యి ఆగింది. ఇంకో నాలుగు చుట్లు ఎక్కువ వదులు చేస్తె చాలు. వాడు ఎడమ లీవర్ ఎంత ఒత్తినా బెల్ట్ వదులు గాదు, బ్రేక్ పడదు. మిషన్ సక్కగ పోయి కుర్చీల ముందలున్న పూలకుండీలను పలగ్గొడ్తది. సారు మొగం చూడాలె అప్పుడు! మళ్ల నన్నే పిలుస్తరు అనుకున్నది. ఆ ఆశ ఎంత తియ్యగున్నదంటె, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

అంతల ఒక పిల్ల బంతి కోసం కుండీల కాడికి ఉరికొచ్చింది. యాదలక్ష్మి మిషన్ కిందికి చూసింది. బ్లేడ్లు మొన్ననే సానవట్టిచ్చింది తనే. చీ, నా బుద్ధి గడ్డి తినవోయింది అనుకొని, పిల్లను పొమ్మని కేకేసి, ఎడమ నట్టు గూడ కుడి లెక్కనే, ఒక్క వెంట్రుక తేడా లేకుంట బిగిచ్చింది.

మిషన్ ఈనుక పుల్లోలె సక్కగ పోయింది. చివరికి పోయి సుతారంగ మలిగింది, పక్క గీతల పడి సక్కగ మర్లొచ్చింది.

గంగాధరరావు చప్పట్లు కొట్టిండు. "చూశారా! మగాడి చేతిలో పడేసరికి మిషన్ ఎంత బుద్ధిగా నడుస్తోందో!"

సొమ్మొకడిది సోకొకడిది. మహిపాల్ తల వంచుకొని మిషన్ బంద్ చేసిండు. యాదలక్ష్మే ముందలికొచ్చింది. "సార్, దాన్ని సెట్ చేసింది నేను. వానికి తోలుడు నేర్పింది గూడ నేనే."

"అవునమ్మా, కాదన్నదెవరు?" అన్నడు గంగాధరరావు ప్రేమగనే. "నీలాంటి మంచి హెల్పర్ ఉండబట్టే కదా అతను అంత బాగా నడిపాడు."

అందరు తలలూపిన్రు.

మధ్యాహ్నం అందరు తినపోయినంక షెడ్డుల మిషన్ ఒక్కటే ఉన్నది. యాదలక్ష్మి దగ్గరికి పోయి పిడుల మీద చేతులేసింది. ఏళ్లు సాపింది. లీవర్లకు కొసగోళ్లే తాకినయి. పాన అక్కడ్నే, గూట్లనే ఉన్నది. గని మిషన్ ముట్టేటందుకు ఆమె కాడ ఆపరేటర్ కార్డు లేదు.

"చెల్లే, గోడల పొంటి మిషన్ పోదు, అంచులు కొయ్యాలె!" అని జంగయ్య బయటికెంచి కేకేసిండు. యాదలక్ష్మి మూలకున్న కొడవలి తీసుకున్నది. గోడ కాడికి పోయి, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకొని, వంగింది.