పప్పు ఉడికిన చోట

పొద్దున మా పుప్పాలగూడలో కొత్తగా లేస్తున్న టవర్ పక్కన, కూలీల రేకుల షెడ్లలోంచి కందిపప్పు ఉడికే వాసన వచ్చింది. మా అమ్మ గుర్తొచ్చింది.

తొలి ఊళ్లు నదుల పక్కన పుట్టాయని మనవరాలి పుస్తకంలో ఉంది. కావచ్చు. మేం మాత్రం రాయి వెంట తిరిగినవాళ్లం. గాడిదల మీద రోళ్లు, ఇసుర్రాళ్లు వేసుకుని ఊరూరా పోయి, అవి ఇచ్చి జొన్నలు తెచ్చుకునేవాళ్లం. రోటికి గంట్లు పెట్టే చప్పుడు నా ఈడువాళ్లు మరిచిపోయి ఉండరు.

ఎక్కడ దిగినా నాయన సుత్తితో బండను కొట్టి, మోతను బట్టి రాయి గుణం చెప్పేవాడు. ఆ విద్య ఈ టవర్లు కట్టేవాళ్లకు రాదు. అమ్మ అక్కడి నీళ్లతో పప్పు ఎసట్లో వేసేది. ఉప్పునీళ్లయితే పప్పు ఉడకదు, తెల్లారి మళ్లీ నడకే. నా కాళ్లు పుండ్లు పడ్డాయి.

అలా తిరుగుతూ పుప్పాలగూడలో దిగినప్పుడు, ఇక్కడి బండను కొట్టి నాయన పెదవి విరిచాడు.

"రాయి మంచిగ లేదు. పోదాం పా."

అమ్మ మెత్తగా ఉడికిన పప్పును వేళ్లతో నలిపి చూపించింది.

"నీ రాయి నువ్వే తిను. నేను, నా పిల్లలు ఈడికెళ్లి కదలం."

నాయన కాసేపు నా కాళ్లు చూశాడు. అమ్మడానికి తెచ్చిన వాటిలో పెద్ద రోలు దించి, అమ్మ చూపిన చోట నేలలో పాతాడు. అమ్మకు సొంత రోలు అదే మొదటిది.